సమీక్షకులకు వెలగని దీపం: కోనసీమ రోడ్ల మీద నా డీజిల్ కారు

కొత్త కార్ల మీద పత్రికల్లోనూ వీడియోల్లోనూ నిపుణులు చెప్పే సమీక్షలను ఎంతవరకు నమ్మవచ్చునని మా వైపు ఎవరు అడిగినా నేను ఒకే ఒక దీపం సంగతి చెబుతున్నాను. డీజిల్ కారు పొగగొట్టంలోని వడపోతలో మసి పేరుకుందని హెచ్చరించే దీపం అది. స్టీరింగ్ వెనుక మీటర్ల మధ్య నారింజ రంగులో వెలిగే ఆ దీపంలో ఒక గొట్టం, దాని మధ్య ఒక పెట్టె, పెట్టెలో కొన్ని చుక్కలు కనిపిస్తాయి. నేను 2021లో ఈ డీజిల్ కారు కొనేముందు చూసిన సమీక్షల్లో సీట్ల కుట్టు గురించి, తెర పరిమాణం గురించి, తలుపు మూసినప్పుడు వచ్చే శబ్దం గురించి కూడా వివరంగా చెప్పారు గానీ, ఆ దీపాన్ని ఒక్కరూ చూపించలేదు. కారు పేరు చెప్పడం లేదు. ఇప్పుడు అమ్ముడవుతున్న డీజిల్ కార్లలో చాలావాటికి ఇదే ఏర్పాటు ఉంది కాబట్టి పేరుతో పని కూడా లేదు.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వాహనాల పొగను అదుపు చేసే బీఎస్-6 నిబంధనలు అమలులోకి వచ్చాయి. డీజిల్ ఇంజిన్ వదిలే మసి గాలిలో కలవకుండా పట్టి ఉంచడానికి పొగగొట్టంలో డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ అనే వడపోతను, అంటే వాడుకలో డీపీఎఫ్‌ను, చాలా కంపెనీలు అప్పుడే బిగించాయి. వడపోతలో చేరిన మసిని ఎప్పటికప్పుడు కాల్చి బూడిద చేయాలి, అందుకు చాలా వేడి కావాలి. హైవే మీద కారు నిలకడగా పరుగెత్తుతున్నప్పుడు పొగ వేడికి కొంత మసి దానంతట అదే కాలిపోతుంది. అలా కాలనప్పుడు ఇంజిన్ కంప్యూటర్ కాస్త అదనపు డీజిల్‌ను ఆలస్యంగా చిమ్మి, వడపోతలో వేడిని దాదాపు 600 డిగ్రీలకు తీసుకెళ్లి, పావుగంటో ఇరవై నిమిషాలో మసిని కాలుస్తుంది. ఈలోగా మనం ఇల్లు చేరి తాళం తిప్పేస్తే పని సగంలో ఆగిపోతుంది. అలా పదేపదే ఆగితే మసి పేరుకుంటుంది, దీపం వెలుగుతుంది.

మా ఊరు పి. గన్నవరానికి దగ్గర, నా వ్యాపారం అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో. ఇంటి నుంచి కొట్టుకు, కొట్టు నుంచి తోటలకు, తోటల నుంచి తిరిగి ఇంటికి, రోజంతా కాలువ గట్ల మీదే ప్రయాణం. ఒక పక్క కాలువ, ఇంకో పక్క ఇళ్ల అరుగులు, మధ్యలో ఎదురుగా వచ్చే గడ్డి ట్రాక్టరుకు దారి ఇవ్వడానికి కారును అంచుకు దింపి నిలబెట్టవలసినంత రోడ్డు. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక అందులోనూ సగం మేర ధాన్యం ఆరబోస్తారు. మూడో గేరు దాటితే గొప్ప. కారుతో వచ్చిన పుస్తకం మాత్రం, దీపం వెలిగితే గంటకు 60 కిలోమీటర్లకు తగ్గని వేగంతో ఇరవై నిమిషాలు ఆగకుండా నడపండి అని చాలా మర్యాదగా చెబుతుంది. కోనసీమ లోపల ఆ వేగంతో ఇరవై నిమిషాలు ఆగకుండా నడపగల రోడ్డు ఏదో ఆ పుస్తకం రాసినవారు వచ్చి చూపిస్తే వారికి నేనే కొబ్బరిబొండాం కొట్టి ఇస్తాను.

మొదటి ఏడాది దీపం వెలిగినప్పుడల్లా కొత్తపేట మీదుగా రావులపాలెం వెళ్లి, పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి, సిద్ధాంతం వంతెన దాటి తణుకు దాకా వెళ్లి వెనక్కి తిరిగేవాణ్ణి. అక్కడ నాకు పనేమీ ఉండేది కాదు. మసి కాల్చడానికి డీజిల్ కాల్చుకుంటూ వెళ్లి రావడమే పని.

అసలు గొడవ ఒక శ్రావణ మాసంలో, పాలకొల్లులో మా మేనల్లుడి గృహప్రవేశానికి బయలుదేరిన రోజున జరిగింది. అంతకు ముందు వారమంతా వాన, గోదావరికి వరద, నది మధ్య లంకల్లోని తోటల నుంచి కొబ్బరికాయ తరలించే హడావుడి. రావులపాలెం వైపు వెళ్లే తీరికే లేదు. దీపం రెండు రోజులుగా వెలుగుతూనే ఉంది. పాలకొల్లు ప్రయాణం ఉంది కదా, దారిలో కాలిపోతుందిలే అనుకున్నాను. తాటిపాక దాటాము, రాజోలు దాటాము, ఎక్కడా వేగం దొరకలేదు. దిండి వైపు నుంచి చించినాడ వంతెన ఎక్కుతుండగా నారింజ దీపానికి తోడు ఇంజిన్ దీపం కూడా వెలిగింది, యాక్సిలరేటరు మీద కాలు ఎంత నొక్కినా కారు వేగం అందుకోవడం మానేసింది. ఆగలేదు, ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి శక్తిని తగ్గించుకుందన్నమాట. వెనుక ధాన్యం లారీ హారను మోగిస్తోంది, కింద గోదావరి పాయ వశిష్ఠ ఎర్రగా పొంగి పారుతోంది. వెనుక సీట్లో ఉన్న మా బావగారు అద్దం దించి వంతెన గోడను చూసి, "బావగారూ, ఇది కారులా లేదండీ, సఖినేటిపల్లి పంటు మీద వెళ్తున్నట్టుందండీ" అన్నారు. పంటు అంటే రేవు దాటించే పడవ. ఆయన హాస్యానికే అన్నారు గానీ నాకు నవ్వు రాలేదు. ముహూర్తం దాటిపోయాక, వడ్డనలు మొదలయ్యాక చేరాము.

మర్నాడు కారును సర్వీసు కేంద్రానికి లాగించుకు వెళ్లవలసి వచ్చింది. అక్కడివారు స్కానర్ తగిలించి, కారును ఆవరణలో ఒక మూల నిలబెట్టి, ఇంజిన్‌ను తిప్పుతూ మసిని బలవంతంగా కాల్పించారు. పొగగొట్టం వెనుక గడ్డి వాడిపోయేంత వేడి వచ్చింది. ఇది వారంటీలోకి వస్తుందా అని అడిగితే, అక్కడి అడ్వైజరు ఎంతో వినయంగా, "సార్, లోపం బండిది కాదండి, వాడకానిదండి. మీరు బండిని హైవే మీద తిప్పాలండి" అన్నాడు. బిల్లు నేనే కట్టాను. నా కోపం ఆ కుర్రవాడి మీద కాదు, అతను చెప్పింది సాంకేతికంగా నిజమే. కాలువ గట్టు మీద నడవదని తెలిసిన కారును కాలువ గట్టు మీద ఉండేవాడికి అమ్మేటప్పుడు ఆ మాట షోరూములో ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

కథ అక్కడితో అయిపోలేదు. కొన్ని రోజుల తరువాత అమలాపురంలో నాకు తెలిసిన పాత మెకానిక్ చేత ఒకసారి చూపించాను. ఆయన బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే పుల్లను లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దింపి తీశాడు. ఆయిల్ పై గీతను దాటి అర అంగుళం మేర అంటి ఉంది. రెండు వేళ్ల మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, నా ముందుకు చాపాడు. స్పష్టంగా డీజిల్ వాసన. "ఆయిల్ తగ్గితే పోస్తామండీ, పెరిగితే తీసెయ్యడమేనండీ" అన్నాడు. మసి కాల్చడానికి చిమ్మిన డీజిల్ కొంత, పని మధ్యలో ఆగిపోయినప్పుడల్లా సిలిండరు గోడల వెంట కిందికి జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, అలాగే నడిపితే ఇంజిన్ అరుగుతుంది. అందుచేత నేను ఇప్పుడు కంపెనీ చెప్పిన గడువులో సగానికే ఆయిల్ మారుస్తున్నాను. ఇంత ముఖ్యమైన సంగతి ఏ వీడియోలోనూ నాకు ఎదురుకాలేదు.

అయితే సమీక్షకులు అబద్ధం చెప్పారా? అలా అనలేను, నా అసంతృప్తి అంతకన్నా చిక్కైనది. కొత్త కారు వచ్చినప్పుడు సాధారణంగా కంపెనీయే విమానం టికెట్టు, హోటలు గది ఏర్పాటు చేసి సమీక్షకులను ఉదయపూర్, గోవా వంటి చోట్లకు పిలుస్తుంది. దారి కూడా ముందే నిర్ణయించి ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో వారు నడిపి, చిత్రాలు తీసుకుని, కంపెనీ చెప్పిన రోజున, చెప్పిన గంటకు అందరూ ఒకేసారి విడుదల చేస్తారు. ఆ వ్యవధిలో తెలిసే విషయాలు వారు బాగానే చెబుతారు. కానీ వారు కారును నడిపే తీరే ఈ లోపాన్ని దాచేస్తుంది. ఇంజిన్ సత్తువ చూడాలని గట్టిగా తొక్కుతారు, ఖాళీ రోడ్ల మీద గంటల తరబడి పరుగెత్తిస్తారు. ఆ పరుగుకు వడపోత లోపల మసి నిలిచే అవకాశమే ఉండదు. కొన్ని పత్రికలు నెలల తరబడి దగ్గర ఉంచుకుని రాసే దీర్ఘకాల సమీక్షలు ఇంతకన్నా మేలు, అయితే ముంబయి - పుణె ఎక్స్‌ప్రెస్‌వే వంటి రోడ్డు అందుబాటులో ఉన్నవారి కారులోనూ ఆ దీపం వెలగడం కష్టమే.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. నేను దాచుకున్న పాత సంచికల్లో ఒకదానిలో, సమీక్ష చివర, "రోజూ తక్కువ దూరం తిరిగేవారు పెట్రోల్ రకం చూసుకోవడం మంచిది" అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంది. కారణం రాయలేదు. అది చదివినవారెవరైనా డీజిల్ అదనపు ధర తిరిగి రాబట్టుకోవడం గురించిన సలహా అనే అనుకుంటారు. పైగా నేను తిరిగేది తక్కువ దూరమేమీ కాదు. మార్కెట్ రోజుల్లో అరవై డెబ్బై కిలోమీటర్లు అవుతుంది. అడ్డు వచ్చేది దూరం కాదు, వేగం. అరవై కిలోమీటర్లను గంటలో చేరేవాడికి ఒక కారు, అదే అరవైని పది ముక్కలుగా రోజంతా తిరిగేవాడికి అది వేరే కారు. ఈ తేడాను ఒక్క పేరా రాయగల సమీక్షకుడు నా డబ్బు, మా మేనల్లుడి గృహప్రవేశ ముహూర్తం రెండూ కాపాడి ఉండేవాడు.

డబ్బు ప్రభావం మాటేమిటని కొందరు అడుగుతారు. పత్రికకు ప్రకటనలు ఇచ్చేదీ, కారు అప్పగించేదీ ఒకే కంపెనీ అయినప్పుడు మాట కొంత మెత్తబడుతుందని అనుకోవడం సహజం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు, సామాజిక మాధ్యమాల్లో వస్తువులను మెచ్చుకునేవారు తమకు ముట్టిన డబ్బునే గాక ఉచిత ప్రయాణాలను, హోటలు బసను కూడా వెల్లడించాలని చెబుతున్నాయి. వెల్లడించడం మంచిదే, దానివల్ల నాకు దీపం మాత్రం కనపడదు. అమెరికాలో 1936 నుంచి నడుస్తున్న కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ ప్రకటనలు తీసుకోదు, పరీక్షించే కార్లను తన డబ్బుతోనే కొంటుంది, అంతకన్నా ముఖ్యంగా ఏళ్ల తరబడి వాడిన యజమానులను అడిగి ఏ భాగం ఎప్పుడు పాడైందో లెక్క కడుతుంది. నాకు కావలసింది ఆ చివరి పని. ఢీకొన్నప్పుడు కారు ఎంత కాపాడుతుందో చెప్పడానికి 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష ఉంది. నాలుగేళ్ల తరువాత ఆయిల్ పుల్ల మీద ఏముంటుందో చెప్పడానికి మాత్రం ఇరుగుపొరుగే దిక్కు.

సమీక్షల్లో మెచ్చుకున్నవాటిలో చాలావరకు నిలబడ్డాయి. సీట్లు నడుము నొప్పి రానివ్వలేదు, ఏసీ మా ఉక్కపోతకు లొంగలేదు, లాగే శక్తికి వంక పెట్టలేము. మైలేజీ గురించి నేను మొదట్లో నలుగురికీ గొప్పగా చెప్పిన మాటను మాత్రం ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతున్నాను: లీటరుకు ఇరవై పైచిలుకు అన్నది విశాఖపట్నం వెళ్లి వచ్చినప్పటి లెక్క, మార్కెట్ వారాల్లో పదిహేను దాటితే సంతోషించాలి. కంపెనీ ప్రకటించే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద, గరిష్ఠంగా గంటకు 90 కిలోమీటర్ల వేగంతో తీసినది. రెండు కార్లను పోల్చుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. నేల నుంచి ఎత్తు విషయంలోనూ చాలావరకు ఖాళీ కారు కొలతనే అచ్చు వేస్తారు. అయిదుగురు కూర్చుని, వెనుక రెండు బస్తాల కాయ వేస్తే, మా ఊరి తూము మీద అడుగుభాగం రాసుకుంటుంది.

ఇదే కారును తాడేపల్లిగూడెంలో ఉండే మా తోడల్లుడు నాకన్నా ఆరు నెలల ముందు కొన్నాడు. ఉద్యోగరీత్యా రోజూ హైవే మీద ఏలూరు వెళ్లి వస్తాడు. ఆ దీపం బొమ్మ ఎలా ఉంటుందో అతనికి నేను కాగితం మీద గీసి చూపించవలసి వచ్చింది. అతని వరకు ఆ సమీక్షలన్నీ అక్షరాలా నిజం, అతని వంటివారు ఎవరైనా అడిగితే నేను కూడా ఈ కారు కొనమనే చెబుతాను. లంకల్లోనూ కాలువ గట్ల మీదా బతికేవారైతే పెట్రోలుదే చూసుకోవాలి, లేదా మీ దారిలో తిరిగే ఇదే రకం డీజిల్ కారు ఒకటి వెతికి, దాని యజమానిని ఆయిల్ పుల్ల లాగి చూపించమని అడగాలి. నా మట్టుకు నేను దీన్ని ఇప్పుడే అమ్మడం లేదు. మా అబ్బాయి విశాఖపట్నంలో చదువుతున్నాడు, నెలకోసారి వాడి దగ్గరకు వెళ్లి రావడంతో మసి దానంతట అదే కాలిపోతోంది. వాడి చదువు వచ్చే ఏడాది పూర్తవుతుంది, అప్పుడు చూడాలి.