క్వీన్ మేరీ ఓడకు గంటంబావు ఏ మూలకు?

లాస్ ఏంజెలిస్ నుంచి ఒకరోజు ప్యాకేజీ, మనిషికి 95 డాలర్లు. ముగ్గురికి 285 కట్టాం. ప్రకటనలో లాంగ్ బీచ్ తీరంలో మ్యూజియంగా నిలిపి ఉంచిన పాత ప్రయాణికుల ఓడ క్వీన్ మేరీ ఫొటోనే పెద్దగా వేశారు. తీరా అక్కడ దింపి, "గంటంబావులో బస్సు దగ్గరుండాలి" అన్నాడు గైడు. షాపింగ్ మాల్‌కు మాత్రం మూడు గంటలట! నాన్న ముఖం అక్కడే మాడిపోయింది. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా రిటైరైన మనిషి, ఈ ఓడ కోసమే బయల్దేరారు.

1,019 అడుగుల ఓడ అది. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో కట్టారు. 1936 మే 27న సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు మొదటిసారి బయల్దేరింది. సినిమా తారలు, కోటీశ్వరులు తిరిగిన ఓడకే యుద్ధం రాగానే బూడిదరంగు పూసి సైనికుల్ని ఎక్కించారు. మామూలు రోజుల్లో రెండు వేల పైచిలుకు ప్రయాణికులు పట్టే ఓడలో, 1943 జులైలో ఒక్క ప్రయాణానికి 16,683 మంది! పడకలు చాలక వంతులవారీగా నిద్రపోయేవారు. జలాంతర్గాములకు అందని వేగమే దానికి రక్ష. ఆ వేగంతోనే 1942 అక్టోబరు 2న, తనకు కాపలాగా వచ్చిన కురసోవా యుద్ధనౌకను ఢీకొట్టి రెండు ముక్కలు చేసింది. శత్రువుల భయంతో ఆగకూడదని ఆజ్ఞ. నీళ్లలో మనుషులు కొట్టుకుంటుంటే వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. మూడు వందల మందికి పైగా పోయారు. అది చదివాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

నాన్న మాత్రం ఇంజిన్ రూములోంచి కదిలితేనా! ఆవిరి గొట్టం ఎటు నుంచి వచ్చి టర్బైన్లోకి దిగుతుందో వేలితో గాల్లో గీస్తూ చూపించారు. ఓడను ఇక్కడికి తెచ్చాక బాయిలర్లు పీకేశారని తెలిసి, "అయ్యో, గుండె తీసేశార్రా" అన్నారు. నీళ్లలో లైట్లు వేసి చూపించే ప్రొపెల్లర్ దగ్గరికి వెళ్లామో లేదో, గైడు ఫోన్. అడ్డకమ్మీల మీద ఒరిగి ఆ కంచు రెక్కను చూస్తున్న మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కురావాల్సి వచ్చింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ప్యాకేజీ జోలికి అసలు పోవద్దు. 'ఎ లైన్' (A Line) అనే మెట్రో రైల్లో 1.75 డాలర్లకే లాంగ్ బీచ్ డౌన్‌టౌన్ వస్తుంది, అక్కడి నుంచి క్యాబ్ ఎక్కండి. కనీసం సగం రోజు పెట్టుకోండి. ఓడలో దయ్యాలున్నాయంటూ తిప్పే టూర్లకు డబ్బు తగలేయకుండా ముందు ఇంజిన్ రూముకే దిగండి. ఇనుప మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను పైన డెక్ మీదే కూర్చోబెట్టండి.