వీధిలో అంగన్‌వాడీయా, ఏసీ ప్లేస్కూలా?

అయినవాళ్లు లేని, వదిలేసిన పసిపిల్లల్ని చూసుకునే శిశుగృహ నుంచి మా ఇంటికొచ్చి నాలుగు నెలలైన మూడేళ్ల పాప కోసం విజయవాడ పటమటలో బడి వెతికాం. ప్లేస్కూల్లో ఏసీ, బొమ్మలు, ఇంగ్లీషు రైములు. కానీ గేటు దగ్గరే అప్పగించి వెళ్లిపోవాలట. "మళ్లీ వదిలేశారు" అని పిల్లకు అనిపించేది సరిగ్గా అక్కడే కదా!

అంగన్‌వాడీలో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఆటపాటలు, వేడన్నం, గుడ్డు ఉచితం. "నువ్వూ కూర్చోమ్మా, నీ కొంగు పట్టుకునే ఆడుకుంటుంది" అంది ఆయా. వారమంతా కూర్చున్నా. తర్వాత గంటసేపు బయటికెళ్లి, అన్నం వేళకల్లా వచ్చేదాన్ని. చెప్పిన వేళ తప్పలేదు. ఒకటే చిక్కు: వరసగా పళ్లేలు పెట్టగానే బిగుసుకుపోయేది, శిశుగృహ గుర్తొచ్చేదేమో. పక్కన కూర్చుని తినిపించాక సర్దుకుంది.

రైముల్లో ప్లేస్కూలుదే పైచేయి, కాదనను. వాటికి జూన్‌లో చూద్దాం.