ఈ6300లు రెండున్నాయి: పాత 945 బోర్డుతో ఏడాదిన్నర

కొత్త కంప్యూటర్ కొనుక్కోవచ్చు కదా అని ముందే అడక్కండి. మిర్చి యార్డు కమిషన్ కొట్లకు తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) తీసే మా ప్రోగ్రాం విండోస్ ఎక్స్‌పీ దాటి రాదు, కార్బన్ కాపీలు పడాలంటే డాట్ మేట్రిక్స్ ప్రింటర్ ఉండాల్సిందే, దాని కేబులేమో పారలల్ పోర్టుకే పెట్టాలి. అందుకే ఇంటెల్ 945జీ చిప్‌సెట్ ఉన్న ఈ పాత మదర్‌బోర్డు ఇంకా నా టేబుల్ కిందే ఉంది.

ఇందులో మొదట 3 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ఉండేది. 84 వాట్ల ప్రాసెసర్, గుంటూరు మే నెల, ఇంక చెప్పేదేముంది, ఫ్యాను మోతకి ఫోన్ వస్తే వరండాలోకి పోయేవాణ్ణి. మారుద్దామని బోర్డు కంపెనీవాళ్ల ప్రాసెసర్ల జాబితా చూశాను. కోర్ 2 డ్యూయో ఈ6300 పనిచేస్తుంది, బయోస్ (ఆన్ చేయగానే బోర్డుని లేపే ప్రోగ్రాం) మాత్రం కొత్తది వేసుకోవాలి అని ఉంది. చీటీ మీద 'ఈ6300' అని రాసుకుని అరండల్‌పేటలో పాత సామాను అమ్మే షాపుకి వెళ్లాను.

"ఇదిగో సార్ ఈ6300. 775 సాకెట్టేగా, కూర్చుందంటే నడిచినట్టే" అన్నాడు షాపతను. సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు.

కూర్చుంది. ఫ్యాను తిరిగింది. స్క్రీన్ నల్లగా ఉంది, బీప్ కూడా లేదు. బయోస్ వేయలేదు కదా, నాదే తప్పనుకుని మళ్లీ పెంటియం 4 పెట్టి, కరెంటు పోతుందేమోనని యూపీఎస్ పక్కనే కూర్చుని బయోస్ అప్‌డేట్ చేశాను. మళ్లీ మార్చాను. మళ్లీ నలుపే. ఈ 775తో ఒక బాధ ఏమిటంటే పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డుకే ఉంటాయి, ఒక్కటి వంగిందా బోర్డు మొత్తానికే ఎసరు. అదీ సీజన్లో, తెల్లారితే రైతులు పట్టీల కోసం వస్తారు. ఆ రాత్రి నా టెన్షన్ మీరే ఊహించుకోండి.

రాత్రి 1 గంటకి ఎందుకో ప్రాసెసర్ మీది పేస్టు గుడ్డతో తుడిచి, లైటు దగ్గర పెట్టి చదివాను. 2.80 గిగాహెర్ట్జ్ అని ఉంది. జాబితాలో ఉన్నదేమో 1.86! అప్పుడర్థమైంది, ఆ నంబరు పెట్టుకున్నవి రెండున్నాయి. ఒకటి 2006 నాటి కోర్ 2 డ్యూయో, 65 నానోమీటర్ల పాత తయారీది. రెండోది 2009లో వచ్చిన పెంటియం, 45 నానోమీటర్ల కొత్త తయారీది. నా బోర్డు రివిజన్‌కి (అదే మోడల్లో ఎన్నో మార్పు అన్నది) 45 నానోమీటర్లవి జాబితాలో అసలు ఒక్కటీ లేవు. రెండింటికీ ఒకే నంబరు తగిలించిన మహానుభావుడెవరో ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను. షాపతన్ని ఏమనను, అడిగిన నంబరే ఇచ్చాడు. మర్నాడు మారు మాట్లాడకుండా మార్చిచ్చాడు కూడా. ఈసారి మూత మీద ఆ 1.86 కోర్ 2 డ్యూయోకి ఇంటెల్ వేసిన కోడ్, ఎస్ఎల్9ఎస్ఏ, అని చూసుకునే తెచ్చుకున్నాను. మొదటి దెబ్బకే లేచింది.

గిగాహెర్ట్జ్ తక్కువైనా రెండు కోర్లు కదా, ఒకపక్క పట్టీలు ప్రింటవుతుంటే ఇంకోపక్క పేజ్‌మేకర్లో శుభలేఖ కదలకుండా బిగుసుకుపోవడం పోయింది. ఫ్యాను మోత సగానికి తగ్గిందని అప్పట్లో అందరికీ చెప్పాను. అది 65 వాట్ల ప్రాసెసర్ గొప్పేనా, ఏళ్ల తర్వాత హీట్‌సింక్ దుమ్ము దులిపి కొత్త పేస్టు వేసినందుకా అంటే ఇప్పుడు గట్టిగా చెప్పలేను. పట్టీల ప్రోగ్రాం వేగంలోనైతే తేడా ఏమీ లేదు, ప్రింటర్ దాని నడక అది నడుస్తుంది.

నాలా పాత ప్రింటర్‌కి కట్టుబడిపోయినవాళ్లకైతే ఈ మార్పు పర్వాలేదు, లేనివాళ్లు ఇంత తంటా ఎందుకు పడాలో నాకు తెలీదు. పడేవాళ్లు మాత్రం బోర్డు మూలన ఉన్న రివిజన్ నంబరు, ప్రాసెసర్ మూత మీది గిగాహెర్ట్జ్, రెండూ కళ్లతో చూసుకున్నాకే డబ్బులివ్వండి. పెంటియం 4ని నేను పారేయలేదు. ఎప్పుడైనా బయోస్ వెనక్కి పోతే లేపడానికి అదే దిక్కని స్వీట్ల డబ్బాలో పెట్టి క్యాబినెట్ మీదే ఉంచాను.