ఇసెట్టా పరుగెత్తింది: పూర్ణా మార్కెట్ దగ్గరి పనితనం

విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన, అద్దాల బీరువాలో పెట్టుకునే డైకాస్ట్ (అచ్చుపోసిన లోహపు) బొమ్మకార్లను ట్రాక్ మీద కరెంటుతో పరుగెత్తే స్లాట్ కార్లుగా మార్చి ఇస్తున్నారు. పేరూ ఫోను నంబరూ రాయవద్దన్నారు. పని గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను.

నేను ఇచ్చినవి 43వ వంతు నమూనాలు: బీఎండబ్ల్యూ ఇసెట్టా, మెసర్ష్మిట్ కేఆర్ 200. రెండూ 1955లో జర్మనీలో తయారీ మొదలైన బుల్లి కార్లే.

ఇసెట్టాతో చిక్కంతా ఆకారంలోనే ఉంది. అసలు కారు వెడల్పు 138 సెంటీమీటర్లు, ఎత్తు 134. వెనక చక్రాల మధ్య దూరం 52 మాత్రమే, అంటే నమూనాలో 12 మిల్లీమీటర్లు. చిన్న ఎన్20 మోటారు వెడల్పే అంత! అది చక్రాల మధ్య పట్టదు కాబట్టి ఆయన మోటారును సీటు కిందికి జరిపి, కారు పొడవునా పడుకోబెట్టి, తిరుగుడును అడ్డంగా మళ్లించే క్రౌన్ గేరుతో వెనక ఇరుసుకు కలిపారు. బాడీ జింకు మిశ్రమలోహం కావడంతో బరువంతా పైనే ఉంటుంది. అందుకని పైకప్పును లోపలివైపు అరగదీసి, అడుగున ఇత్తడి పలక వేశారు. బయటి రంగు మీద గీత కూడా పడలేదు. ముందు తలుపు ఇప్పటికీ తెరుచుకుంటుంది, అసలు కారులో లాగే స్టీరింగ్ దానితోపాటు బయటికి వస్తుంది. ఆ తలుపు తెరుచుకోకుండా చేసి ఉంటే నాకు ఈ కారు అక్కర్లేదు.

మెసర్ష్మిట్‌లో ఆయన ఆలోచన ఇంకా నచ్చింది. మామూలు స్లాట్ కారులో ముందు బరువును గాడిలో దిగే గైడు మోస్తుంది, ముందు చక్రాలు చాలావరకు చూపుకే. ఈ కారుకు వెనక ఒకటే చక్రం. గైడు, ఆ చక్రం తప్ప ఆధారం లేకపోతే మలుపులో పక్కకు వాలిపోతుంది. అందుకే సన్నని వాషర్లతో ఎత్తు సరిచేసి, ముందు చక్రాలు రెండూ ట్రాక్‌ను తాకేలా కూర్చారు. ఇప్పుడది ఇసెట్టా కంటే నిబ్బరంగా మలుపు తిరుగుతోంది.

మోటారుతో కలిపి కారుకు రూ.1,800 తీసుకున్నారు. ఆ పనికి ఎక్కువ కాదు. వాచీల పని ముందు, కార్ల పని తర్వాత కాబట్టి తొందరపడేవాళ్లు వెళ్లవద్దు. ఇసెట్టా గైడు బంపరు కింద కొంచెం బయటికి కనిపిస్తోంది, అది నాకు నచ్చలేదు. మా పెదవాల్తేరు ఇంట్లో సముద్రపు గాలికి, ట్రాక్ నుంచి కరెంటు అందుకునే గైడు కింది రాగి అల్లికలు త్వరగా నల్లబడతాయి. అడక్కుండానే అదనపు జత ఇచ్చారు.

పగుళ్లున్న పాత బొమ్మలను ఆయన ముట్టుకోరు. జింకులో సీసం కలిసి ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ లోహం పెళుసెక్కుతుంది, రివెట్లు తొలిచేటప్పుడే చిట్లిపోతుంది.

తర్వాత పీల్ పీ50 అనే ఇంకా బుల్లి కారు బొమ్మ తీసుకెళ్లాను. అసలు కారు పొడవే 137 సెంటీమీటర్లు, నా బొమ్మ 32 మిల్లీమీటర్లు. అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశారు. “ఇందులో మోటారు పెడితే మనిషికి చోటుండదండీ. 18వ వంతు బొమ్మ తెండి, చేస్తాను” అన్నారు. వెతుకుతున్నాను.