స్టాక్‌ఫిష్‌తో పదేళ్లు: ఆటలో తిరుగులేదు, చెప్పడమే రాదు

నల్గొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఆదివారం పొద్దున మా ఇంటి వరండాలో ఏడెనిమిది మందికి చెస్. చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం (ఇంజన్ అంటారు) స్టాక్‌ఫిష్ ఆరో వెర్షన్‌ను 2015లో నా పాత డెస్క్‌టాప్‌లో వేసుకున్నాను. అప్పటి నుంచి వచ్చిన ప్రతి పెద్ద వెర్షన్‌నూ వేసుకున్నాను. పైసా ఖర్చు లేదు. మొదట్లో మాత్రం తికమకపడ్డాను. ఫైలు తెరిస్తే నల్లటి విండో తప్ప బోర్డే కనిపించలేదు. బోర్డు చూపించే ప్రోగ్రాం వేరేగా పెట్టుకోవాలని తెలిసేసరికి రెండు రోజులు పోయాయి.

జిల్లా పోటీల్లో నేను ఓడిన ఆటలన్నీ ఒక నోట్‌బుక్‌లో ఉన్నాయి. కొత్త వెర్షన్ రాగానే ఆ ఆటలే మళ్ళీ పెట్టి చూస్తాను. 2020 సెప్టెంబరులో పన్నెండో వెర్షన్ వచ్చేదాకా పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. అది వచ్చాక నోట్‌బుక్‌లో ఎన్ని కొట్టివేతలో! ఒక ఆటలో గుర్రాన్ని వదిలేసి రాజు మీదికి వెళ్ళాను. పాత వెర్షన్లన్నీ దాన్ని శుద్ధ తప్పు అన్నాయి, నేనూ ఐదేళ్ళు అలాగే అనుకున్నాను. పన్నెండోది ఒక నిమిషం ఆలోచించి ఆట సమానమే అంది. ఆ రోజు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను, ఎవరికీ అర్థం కాలేదు.

దీని వెనక ఉన్నది ఎన్‌ఎన్‌యూఈ. చెస్ లాంటి జపాన్ వాళ్ళ షోగి ఆట కోసం యూ నసు 2018లో రూపొందించిన చిన్న న్యూరల్ నెట్‌వర్క్, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకుని బోర్డు మీద ఎవరిది పైచెయ్యో అంచనా వేసేది. ఒక ఎత్తు వేస్తే బోర్డు మీద మారేది ఒకటి రెండు పావులే కదా, అందుకని లెక్క మొత్తం మళ్ళీ చెయ్యకుండా మారినంత మేరకే సరిచేసుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు లేని నా డబ్బా మీద కూడా నడవడానికి కారణం అదే.

అంతకు ముందు 2017 డిసెంబరులో ఒక దెబ్బ తగిలింది. స్టాక్‌ఫిష్ ఎనిమిదో వెర్షన్ మీద, తనతో తానే ఆడుకుని నేర్చుకున్న డీప్‌మైండ్ వాళ్ళ ప్రోగ్రాం ఆల్ఫాజీరో 100 ఆటలు ఆడి 28 గెలిచింది, 72 డ్రా, ఒక్కటీ ఓడలేదు. సొంత ఊరి జట్టు ఓడినట్టు బాధపడ్డాను. ఆ దారిలోనే వచ్చిన లీలా అనే ఇంజన్, ఇంజన్ల పోటీ టీసీఈసీలో 15, 17 సీజన్లు ఎగరేసుకుపోయింది. 18 నుంచి స్టాక్‌ఫిష్ వరుసగా గెలుస్తూ వచ్చింది. అక్కడ ఓపెనింగులు, అంటే ఆట మొదటి ఎత్తులు, నిర్వాహకులే ఇస్తారు. లేకుంటే ఈ స్థాయి ఇంజన్ల మధ్య దాదాపు అన్నీ డ్రాలే.

ఫిష్‌టెస్ట్ గురించి చెప్పాలి. 2013లో గ్యారీ లిన్స్‌కాట్ మొదలుపెట్టిన ఏర్పాటు. కోడ్‌లో చిన్న మార్పు సూచించినా, ఊరూరా స్వచ్ఛందంగా ఇచ్చిన కంప్యూటర్ల మీద వేల ఆటలు ఆడించి, బలం పెరిగిందని, కనీసం తగ్గలేదని తేలితేనే కలుపుతారు. చాలా మార్పులు అక్కడే రాలిపోతాయి. నా డెస్క్‌టాప్‌నూ నెల రోజులు రాత్రిళ్ళు దానికి వదిలాను. కరెంటు బిల్లు చూసి మా ఆవిడ "ఆ చేప ఏమన్న మనకు అన్నం పెడ్తదా?" అని అడిగింది. ఆ మరునాడే ఆపేశాను.

ఇబ్బందులూ ఉన్నాయి. మా ఊరి మే నెల ఎండల్లో ఫోన్‌లో పది నిమిషాలు నడిపితే చేతిలో పెనం పట్టుకున్నట్టే. బంట్లన్నీ ఒకదానికొకటి అడ్డం పడి బిగుసుకుపోయిన చోట, ముందుకు దారే లేకున్నా రెండు మూడు పాయింట్లు ఆధిక్యం చూపిస్తూ కూర్చుంటుంది. ఎవరు ఎంత ముందున్నారో చెప్పే ఆ అంకె అర్థం కూడా మారింది. 2022 చివర్లో వచ్చిన 15.1 నుంచి ప్లస్ ఒకటి అంటే ఒక బంటు ఎక్కువని కాదు, సమాన బలం ఉన్న ఇంజన్‌తో ఆడితే గెలుపు అవకాశం సగానికి సగం అని. పిల్లలకు ఇది ఎక్కించడానికే ఒక ఆదివారం పట్టింది.

అసలు కొరత వేరే. మొన్న తొమ్మిదో తరగతి పిల్లవాడు ఫోన్ చూపించి, "ఏనుగును గీడికి జరపమంటుంది సార్, ఎందుకు జరపాలె?" అన్నాడు. నలభై ఎత్తుల లోతు (డెప్త్) దాకా నడిపాను. అంకె పెరిగింది, ఎందుకో మాత్రం అది చెప్పదు. వచ్చే వారం చెబుతానన్నాను. రెండు ఆదివారాలు గడిచాయి, వరండాలో ఆ బోర్డు ఇంకా అలాగే పరిచి ఉంది.