కుట్టు మిషనుతో ఆరేళ్లు, మధ్యలో ఇద్దరు పిల్లలు

మిషను కొన్నది 2019 ఆగస్టులో. అప్పటికి పెద్దదానికి ఏడు నెలలు. ఇప్పుడది ఒకటో తరగతి, దాని వెనకాల చిన్నోడికి మూడేళ్లు. ఈ ఆరేళ్లలో మోటారు మార్చలేదు, ఫుట్ పెడల్ మాత్రం ఒకసారి మార్చాల్సి వచ్చింది. అదెందుకు పోయిందో తర్వాత చెప్తాను. కొన్న వారానికే రాసే సమీక్షలు నేనూ బోలెడు చదివే కొన్నాను, వాటివల్ల ఒరిగిందేమీ లేదు. అందుకే రెండు బొంతలు, ఇరవై దాకా గౌన్లు, లెక్కపెట్టనన్ని చిరుగులు కుట్టాక రాస్తున్నా. అల్లిక సూదుల సంగతి, అమ్మ ఇచ్చిన పాత చేతి మిషను సంగతి కూడా ఇందులోనే వస్తాయి. మా ఇంట్లో ఈ మూడూ ఒకదాని పని ఒకటి అందుకుంటూ నడుస్తాయి.

ఉండేది మల్కాజిగిరిలో, డబుల్ బెడ్రూం ఫ్లాటు. కుట్టుకని వేరే గది లేదు. మిషను డైనింగ్ టేబుల్ మీదికి ఎక్కుతుంది, అన్నాల వేళకి దిగుతుంది. కాబట్టి నేను చూసుకోవాల్సిన మొదటి గుణం బరువు. నాది ఆరు కిలోల చిల్లర, చంకలో పిల్లాడున్నా ఇంకో చేత్తో జరపగలను. కొనేటప్పుడు ఇది ఎవరూ చెప్పలేదు. డబ్బా మీద ఎన్ని రకాల కుట్లో మాత్రం పెద్ద అక్షరాలతో రాసుంది. ఏడున్నాయి. ఆరేళ్లలో నేను వాడినవి రెండు: సాదా కుట్టు, జిగ్‌జాగ్. మిగతా ఐదూ చుట్టాలొచ్చినప్పుడు చూపించడానికి.

మొదటి ఏడాది ఈ మిషనుని తిట్టని రోజు లేదు. పైనుంచి చూస్తే కుట్టు బాగానే పడేది, గుడ్డ తిప్పితే కింద దారం పిచ్చుక గూడు. గూడు కిందే ఉంది కాబట్టి తప్పు బాబిన్‌దే, అంటే కింది దారం చుట్టే చిన్న చక్రానిదే అనుకున్నా. బాబిన్ మార్చాను, బాబిన్ కేసు మార్చాను, రెండుసార్లు మోసుకెళ్లి సర్వీసింగ్ చేయించాను. రెండోసారి సికింద్రాబాద్‌లో ఒక మెకానిక్ మిషను విప్పకుండానే నవ్వాడు. "అమ్మా, దారం ఎక్కించండి చూస్తాను" అన్నాడు. ఎక్కించాను. "ఫుట్ కిందికి దించి ఎక్కిస్తున్నారు. పైకి లేపి ఎక్కించండి, మిషనుకేం కాలేదు."

సంగతేంటంటే, ఫుట్ అంటే కాలితో తొక్కే పెడల్ కాదు, సూది దగ్గర గుడ్డని నొక్కి పట్టే పాదం. అది దించి ఉంటే పైన దారాన్ని బిగపట్టే టెన్షన్ బిళ్లలు రెండూ బిగుసుకుని ఉంటాయి. దారం వాటి మధ్యలోకి దిగదు, పైపైన జారిపోతుంది. అప్పుడు పై దారాన్ని పట్టి ఉంచేది ఏమీ ఉండదు, అదంతా కిందికి వెళ్లి పోగవుతుంది. ఫుట్ లేపితే బిళ్లలు విడిపోతాయి, దారం మధ్యలో కూర్చుంటుంది. ఇంతే. ఆయన డబ్బులు కూడా తీసుకోలేదు. కింద గూడు కట్టిందంటే ముందు పైన చూడండి. మిషను మీద నింద వేసేముందు ఒకసారి దారం మొత్తం తీసి, ఫుట్ లేపి మళ్లీ ఎక్కించండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు నాకు అక్కడే తేలిపోయింది.

సూది విషయంలో కూడా ఇలాంటి చిన్న తెలివి ఒకటుంది. మామూలు పాప్లిన్‌కి 14 నంబరు, మల్‌మల్‌కీ రుబియాకీ 11, బొంతకీ జీన్స్‌కీ 16. పిల్లల బనియన్ గుడ్డ, టీషర్టు గుడ్డ మాత్రం మామూలు సూదితో కుడితే కుట్లు ఎగిరిపోతాయి, దానికి మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వేరే కొనాలి. అది తెలియక చిన్నోడి టీషర్టులు మూడు పాడు చేశాను.

ఇక పెడల్ కథ. పెద్దదానికి మూడేళ్లప్పుడు ఒకరోజు కుక్కర్ మూడో విజిల్‌కి నేను వంటింట్లోకి పరిగెత్తాను. అది టేబుల్ కిందికి దూరి పెడల్ మీద కూర్చుంది. మిషను ఒక్కసారిగా రయ్యిమంది. నేను వచ్చేసరికి గౌను చెయ్యి ముడుచుకుపోయి, సూది విరిగి, అది ఏడుస్తూ ఉంది. దెబ్బ తగల్లేదు. విరిగిన మొన ముక్క కోసం అయస్కాంతం పట్టుకుని గంటసేపు నేలంతా వెతికాను, చివరికి గౌను మడతలో దొరికింది. అప్పట్నుంచి కుర్చీలోంచి లేస్తే ప్లగ్ పీకుతాను. స్విచ్ ఆపడం కాదు, పీకడమే. స్విచ్చులు వేయడం పిల్లలకి మనకంటే ముందు వస్తుంది. గుండుసూదులు సరిగ్గా ఇరవై ఉంచుకుంటాను, ఎత్తేముందు లెక్కపెడతాను. ఎక్కువ చోట్ల సూదుల బదులు బట్టలారేసే క్లిప్పులే పెడతాను. మొన్నమొన్నటి దాకా చిన్నోడు కనబడిందల్లా నోట్లో పెట్టుకునేవాడు. ఇంతా చేసి పెడల్ పోయింది వీటివల్ల కాదు, చిన్నోడు దానిమీద పప్పుచారు పోశాడు.

అమ్మ ఇచ్చిన చేతి మిషను ఇందుకే నా దృష్టిలో పెద్ద లాభం. నల్లటిది, మీద బంగారు రంగు తీగలు సగం చెరిగిపోయాయి. సిద్దిపేటలో అటక మీద ఏళ్లపాటు పడుంది. తెచ్చినప్పుడు చక్రం కదల్లేదు. "కొబ్బరినూనెనే పోసేటోళ్లం బిడ్డా, మిషన్ నూనె అప్పుడు ఎవలు తెచ్చిరి" అంది అమ్మ. కొబ్బరినూనె ఏళ్ల తరబడి ఉంటే జిగురైపోతుంది. కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో రెండు రోజులు తుడిచి, తర్వాత మిషన్ నూనె వేస్తే అప్పుడు తిరిగింది. ఇప్పుడు గోడ గడియారం కంటే నిదానంగా, నమ్మకంగా నడుస్తోంది.

చేతి మిషనుకి అందరూ చెప్పే లోపం ఒకటుంది. కుడి చేత్తో పిడి తిప్పాలి, గుడ్డ పట్టుకోవడానికి ఎడమ చెయ్యి ఒక్కటే మిగులుతుంది. మా ఇంట్లో ఈ లోపం తిరగబడింది. పిడి పెద్దది తిప్పుతుంది, నాకు రెండు చేతులూ ఖాళీ. పిడి ఒక చుట్టు తిరిగితే సూది మూడుసార్లు దిగుతుంది. రెండున్నర మిల్లీమీటర్ల కుట్టు పెట్టుకుంటే పది చుట్లకి మూడంగుళాల దాకా కుట్టు పడుతుంది. "పది తిప్పు" అంటాను. అది గట్టిగా లెక్కపెడుతూ తిప్పుతుంది, పదికి ఆగుతుంది. కొన్నిసార్లు పదకొండు తిప్పి నా మొహం చూస్తుంది. ఎంత వేగంగా తిప్పినా మిషను దానికంటే వేగంగా వెళ్లదు, కరెంటు లేదు, పెడల్ లేదు. నా వేళ్లు సూదికి దూరంగా ఉంచుకుంటే చాలు. దాని మొదటి తలగడ గలీబు అలాగే కుట్టాం. కుట్టు వంకర, దాని పరువు మాత్రం తిన్నగా ఉంది.

ఏం కుట్టడం లాభం, ఏది కాదు అన్నది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. డబ్బు మిగులుతుందని మాత్రం కుట్టకండి. గుడ్డ, లైనింగు, లేసు, దారం, జిప్పు కలిపితే గౌను రెడీమేడ్ కంటే ఎక్కువే పడుతుంది, మన నిద్ర ఖరీదు వేరే. స్కూలు యూనిఫాం కుట్టను, అంచులు మడవడం, మోకాలి చిరుగులు వరకే. చెడ్డీలు, టీషర్టులు కొంటాను. కుట్టేది పండగ లంగాలు, బొంతలు, నైట్ డ్రెస్సులు.

లంగా మాత్రం మన పాత పద్ధతిని మించింది లేదు. కింద టక్కులు, అంటే అడ్డంగా మడతలు వేసి కుట్టి, పిల్ల పెరిగేకొద్దీ ఏడాదికొకటి విప్పడం. బతుకమ్మకి జనరల్ బజార్‌లో గుడ్డ తెచ్చి పెద్దదానికి కుట్టింది మొదటి మంచి లంగా. అంగుళం లోతు టక్కు రెండంగుళాల గుడ్డ తింటుంది, కాబట్టి రెండు టక్కులకి నాలుగంగుళాలు అదనంగా కత్తిరించుకోవాలి. ఈ వయసులో పిల్లలు ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లు పెరుగుతారు. అందులో నడుము కింది భాగం అంగుళంన్నర అనుకుంటే ఒక్కో టక్కు ఏడాది పైనే వస్తుంది. నా అనుభవంలో అలాగే వచ్చింది, అది నాలుగో ఏట కట్టిన లంగా మొన్న సద్దుల బతుకమ్మకి కూడా కట్టింది. చిక్కల్లా టక్కు విప్పాక గీత కనబడుతుంది, మడత లోపలి రంగు కొత్తగా, చుట్టూ వెలిసి ఉంటుంది. గీత మీద సన్నటి లేసు వేసేస్తాను, అప్పుడది డిజైన్ అయిపోతుంది. ఈ ఉపాయం అమ్మది. నేను కనిపెట్టానని మా ఆడపడుచుకి చెప్పుకున్నా గానీ అమ్మదే. పెట్టీకోటు గుడ్డ గానీ లంగా గుడ్డ గానీ నూలుదైతే ముందు ఒకసారి తడిపి ఆరబెట్టి, తర్వాతే కత్తిరించండి. ఉతికాక కుదించుకుపోతే ఆ టక్కుల లెక్కంతా వృథా.

ఇంకో చిక్కు, చంటి పిల్లల చొక్కా చేతులు. మిషను పక్కన బల్ల తీసేస్తే సన్నటి గొట్టంలాంటి భాగం మిగులుతుంది, చేతులు దానికి తొడిగి గుండ్రంగా కుట్టుకోవచ్చు అని అమ్మేవాళ్లు చెప్తారు. మూడేళ్ల చొక్కాకి సరిపోతుంది. ఆరు నెలల జుబ్బా చెయ్యి మాత్రం దానికి కూడా ఎక్కదు. చంకల కింద పక్కలు కలపకముందే, గుడ్డ చదునుగా ఉండగానే చెయ్యి అంచు మడిచి కుట్టేయాలి.

రాత్రి తొమ్మిదిన్నరకి చిన్నోడు పడుకుంటాడు. పదింటికి మొదలుపెడితే కింది ఫ్లాటు అంకుల్ గారికి సీలింగ్ మోగుతుంది. ఒకసారి లిఫ్టులో "అమ్మా, రాత్రిళ్లు మిక్సీ వేస్తారా" అని అడిగారు. పాత యోగా మ్యాట్ ముక్క నాలుగు మడతలు పెట్టి మిషను కింద వేశాను. తర్వాత మళ్లీ అడగలేదు. అంకుల్ గారి మర్యాదో, మ్యాట్ గొప్పో.

అల్లిక నేను పనికి తిరిగి వెళ్లాక మొదలుపెట్టాను. మెట్టుగూడలో మెట్రో ఎక్కితే హైటెక్ సిటీ దాకా కూర్చునే అదృష్టం దొరికిన రోజు నాలుగు వరసలు అవుతాయి. నిలబడితే సున్నా. మొదట రెండు విడి సూదులతో అల్లేదాన్ని. ఇంటికొచ్చి బ్యాగు కింద పెట్టేలోపే ఒక సూది లాగి పరిగెత్తేది పెద్దది, అరవై కుట్లూ జారిపోయేవి. ఇప్పుడు మధ్యలో తీగ ఉండే జంట సూదులు వాడుతున్నా. ఆపినప్పుడు కుట్లన్నీ తీగ మీదికి జరిపేస్తే సూది లాగినా ఏం కాదు. పిల్లలున్న ఇంట్లో ఏ పని ఎక్కడ ఆపినా పాడవకుండా ఉంటుందో అదే నడుస్తుంది. ఈ లెక్కన అల్లిక మొదటిది, చేతి మిషను రెండోది, కరెంటు మిషను మూడోది.

కొత్తవాళ్లు తికమకపడేది నంబర్ల దగ్గర. కుట్టు సూదికి నంబరు పెరిగితే లావు, అల్లిక సూదికి మన షాపుల్లో నడిచే పాత లెక్కలో నంబరు పెరిగితే సన్నం. 8 నంబరంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25. నేను 10 లావుగా ఉంటుందనుకుని తెచ్చి, పిల్లల స్వెటర్‌కి మొదలుపెట్టి, దోమతెరలా వస్తుందనుకున్నది చెక్కలా గట్టిగా వచ్చి విప్పేశాను.

ఊలు అని అడిగితే షాపులో ఎక్కువగా ఇచ్చేది అక్రిలిక్. ఒక పోగు కాల్చి చూస్తే తెలిసిపోతుంది. అసలు ఊలు జుట్టు కాలిన వాసన వచ్చి తనే ఆరిపోతుంది, అక్రిలిక్ కరిగి గట్టి పూసలా అవుతుంది. నాకైతే మన ఊరికి అక్రిలిక్ అయినా ఫర్వాలేదు, వాషింగ్ మిషన్‌లో వేయొచ్చు, అసలు ఊలు అలా వేస్తే కుంచించుకుని గట్టిపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం రెండూ చేతికి అంటుకుంటాయి, అప్పుడు నూలు దారమే.

హైదరాబాద్‌లో స్వెటర్ ఎందుకని అడిగేవాళ్లున్నారు. డిసెంబరులో పొద్దున ఏడింటికి స్కూలు బస్సు కోసం నిలబడ్డవాళ్లు అడగరు. పెద్దదాని కోసం మొదలుపెట్టిన స్వెటర్ పద్నాలుగు నెలలు పట్టింది, పూర్తయ్యేసరికి దాని తల కూడా దూరలేదు. పెట్టెలో పెట్టాను. ఈ చలికి చిన్నోడికి సరిపోతుంది. ఇప్పుడు మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లుకొస్తున్నా, పొట్టిగా అయితే కింద ఇంకో నాలుగు వరసలు కలిపేయొచ్చు. కొలత కూడా రెండేళ్లు ముందుదే పెట్టుకుంటున్నా.

కరెంటు మిషను మళ్లీ కొంటానా అంటే కొంటాను, కానీ కుట్లు తక్కువున్న, ఇంకా తేలికైనది చూసుకుంటాను. కాజాలు మాత్రం దానితో వేయను. నాలుగు మెట్లలో వేయొచ్చని రాసుంది, ఆరేళ్లుగా నాలుగో మెట్టు దగ్గర అది నన్ను ఓడిస్తూనే ఉంది. చొక్కా తీసుకుని వీధి చివర టైలర్ భాయ్ దగ్గరికి వెళ్తాను. కాజాకి ఐదు రూపాయలు, పది నిమిషాలు. చిన్నోడు ఆ పది నిమిషాలూ ఆయన గుండీల డబ్బా కలుపుతూ కూర్చుంటాడు.