ఒంటరిగా హారర్ వీకెండ్: చాన్నాళ్ల వాడకం తర్వాత సమీక్ష

శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం దాకా ఒక్కరే కూర్చుని నాలుగు హారర్ సినిమాలు. ఏళ్లుగా సాగుతున్న ఈ అలవాటు మీద ఇప్పటికీ మోజు తగ్గలేదు. అయితే ఒంటరితనం అన్ని సినిమాలకీ కలిసిరాదు. నిశ్శబ్దం మీద నడిచే వాటికి మాత్రం అదే బలం. 'కార్నివాల్ ఆఫ్ సోల్స్' (1962), 'ఎరేజర్‌హెడ్' (1977) చూసేటప్పుడు పక్కనుంచి ఒక్క మాట పడితే చాలు, పట్టు సడలిపోతుంది. 'రాకీ హారర్ పిక్చర్ షో' (1975) అందుకు పూర్తిగా వ్యతిరేకం. 1976 నుంచి న్యూయార్క్‌లో అర్ధరాత్రి ఆటలకి వచ్చి, తెరతో వాదులాడుతూ చూసిన జనమే దానికి ప్రాణం పోశారు. జనం లేకుండా చూస్తే పాటలు బాగుంటాయి, మిగతాది వెలితిగా ఉంటుంది. కల్ట్ (వీరాభిమానులు నెత్తిన పెట్టుకున్న సినిమా) అన్న పేరు చూసి లిస్టులో చేర్చేయకండి.

అందరూ పిక్చర్ సెట్టింగుల మీద పడతారు గానీ అసలు తంటా సౌండ్‌తోనే. మాటలు వినపడవు, అరుపు మాత్రం ఇల్లు అదరగొడుతుంది. 5.1 ట్రాక్‌లో (ఐదు స్పీకర్లకీ, ఒక బేస్ స్పీకర్‌కీ విడివిడిగా చేసిన సౌండ్) మాటలు ఎక్కువగా సెంటర్ ఛానెల్‌లో, అంటే మధ్య స్పీకర్ వాటాలో ఉంటాయి. టీవీ దాన్ని రెండు స్పీకర్లలోకి కుదించినప్పుడు అవి సంగీతం కింద నలిగిపోతాయి. మెనూలో స్టీరియో ట్రాక్ ఉంటే అది పెట్టండి. మోనోలో (ఒకే ఛానెల్ సౌండ్‌తో) విడుదలైన పాత సినిమాకి ఒరిజినల్ మోనో దొరికితే ఇంకా మంచిది. పెద్ద శబ్దాల్ని తగ్గించి చిన్నవాటిని పెంచే నైట్ మోడ్‌తో మాటలు తేటపడతాయి, కానీ నిశ్శబ్దానికీ అరుపుకీ ఉన్న తేడా చదునైపోతుంది. ఆ తేడా పోయాక భయం ఎక్కడిది? నా ఓటు వైరున్న ఓపెన్ బ్యాక్ (చెవి కప్పు వెనక మూసి లేని) హెడ్‌ఫోన్స్‌కే. చప్పుడు చెవిలో కాకుండా గదిలో ఎక్కడో అయినట్టు ఉంటుంది. ముందే చూసేసిన సినిమాలో పెద్ద శబ్దమొచ్చే సీన్ పెట్టి వాల్యూమ్ సరిచేసుకోండి, ఆ తర్వాత ముట్టుకోవద్దు.

బ్లూటూత్‌లో పెదవులకీ మాటకీ పొంతన తప్పితే ప్లేయర్‌లో ఆడియో డిలే సవరించవచ్చు. 'సస్పీరియా' (1977) లాంటి ఇటాలియన్ సినిమాలతో మాత్రం ఆ పని పెట్టుకోకండి. మాటలన్నీ తర్వాత డబ్బింగ్‌లో చేర్చినవే కాబట్టి ఇంగ్లిష్ ట్రాక్‌లోనూ ఇటాలియన్‌లోనూ పెదవులు పూర్తిగా కలవవు.

పిక్చర్ విషయంలో మోషన్ స్మూతింగ్ తీసేయడం మొదటి పని. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకి అది లేని ఫ్రేములు పుట్టించి సీరియల్‌లా మార్చేస్తుంది. చీకటి గదికి గామా (నలుపుకీ తెలుపుకీ మధ్య ఛాయలు ఎంత ముదురుగా కనిపించాలో చెప్పే సెట్టింగ్) 2.4 సరిపోతుంది. నీడలో ఏముందో కనపడాలని బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది, స్ట్రీమింగ్ కుదింపు వల్ల వచ్చే చారలు, గళ్లు బయటపడతాయి. కళ్లు లాగుతుంటే టీవీ వెనక 6500 కెల్విన్ తెల్ల లైటు సన్నగా పెట్టండి.

మూకీ సినిమాలకి ప్రింటే ముఖ్యం. 'నోస్ఫెరాటు' (1922)లో రాత్రి సీన్లు చాలావరకు పగలే తీసి, ఫిల్మ్‌కి నీలిరంగు అద్దారు. రంగు లేని ప్రింటులో, ఎండ తగిలితే చచ్చే పిశాచం పట్టపగలు శవపేటిక మోసుకుంటూ ఊళ్లో తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, కథే అర్థం లేకుండా పోతుంది. టింటెడ్ (రంగు అద్దినది) అని రాసి ఉన్న ప్రింటే చూడండి.

రాత్రికి రెండు చాలు, నెమ్మదిగా నడిచేదే ముందు. ఉలిక్కిపడేలా చేసే సినిమాలు వరసగా పెడితే రెండోదానికే ఒళ్లు అలవాటు పడుతుంది. మధ్యలో అరగంట లైట్లేసి అటూ ఇటూ నడవండి. సబ్‌టైటిల్స్‌లో ఎస్‌డీహెచ్ అని ఉన్నవి వినికిడి లోపం ఉన్నవారి కోసం చేసినవి. వాళ్లకి అవి తప్పనిసరి. మీకు అవసరం లేకపోతే మామూలువి పెట్టుకోండి, లేదంటే తలుపు కిర్రుమనే సంగతి చెవికన్నా ముందు కంటికి తెలిసిపోతుంది.